చచ్చుమూల

గుడ్డు కుళ్ళిన వాసన ముక్కుకు తగిలితే సంతోషించే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉంది. వట్లూరు పిల్లల ఆసుపత్రి ముందు హాల్లో, సముద్రం తొట్టి పక్కన, జాకెట్టు చేతులు భుజాల దాకా తడుపుకుని నిలబడ్డ నాగదుర్గను అలా సంతోషంలో ఉండగానే కిందటి వారం వదిలేసి వచ్చాం. ఆ సంతోషం ఎంతసేపు? పసుపు చేప ఒకటి పైకి వచ్చి నోరు తెరిచేంతసేపు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన ఏడాది నాగదుర్గ వాళ్ళ చెరువూ పోయింది. మొగుడు ప్రేమ్‌కుమార్ చేపల లారీ ఎక్కి హౌరా దారి పట్టాడు, వచ్చినప్పుడు వస్తాడు. కూతురు పైడికి ఉబ్బసం. మబ్బు పట్టినా, పొయ్యి పొగ తగిలినా, ఒక్కోసారి ఏమీ తగలకపోయినా ఆ చిన్న గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. కొల్లేటి లంక ఊళ్ళో ఉన్నప్పుడు పడవ దాటి, ఆటో పట్టుకుని ఏలూరు చేరేలోగా పిల్ల పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగేవి. ఇప్పుడు ఆసుపత్రి వెనక గదిలో ఉంటున్నారు. గోడకి అవతలే ఆవిరి మందు పట్టే మిషను. ఆ గది ఊరికే ఇవ్వలేదు. హాల్లో ఉన్న సముద్రం తొట్టిని, ఆ ఉప్పునీటి చేపల అద్దాల తొట్టిని, చూసుకునే మనిషి కావాలని ఇచ్చారు. తొట్టి ఉన్నన్నాళ్ళే గది. గది ఉన్నన్నాళ్ళే మిషను. నాగదుర్గ అక్షరాలు ఆరో తరగతితో ఆగిపోయాయి గానీ ఈ లెక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ఆ తొట్టిలో ఎడమచేతి వెనక మూల మొదటినుంచీ బాగోలేదు. అక్కడ నీళ్ళు ఆడవు. కుడిపక్క పగడపు పువ్వులు గాలికి వరికంకుల్లా ఊగుతుంటే, ఆ మూలవి ముడుచుకుని, వాటి మీద ఎర్రటి పాచి దుప్పటిలా పరుచుకుంది. డాక్టరు ఎలీయాజరు గారు తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళుతూ, కారెక్కబోయినవారు వెనక్కి వచ్చి మరీ, "నేను వచ్చేసరికి ఆ పాచి కనపడకూడదమ్మా" అని వెళ్ళారు. ఆదివారం, ఓపీ లేని పొద్దున, నాగదుర్గ పంపు మూతి ఆ మూలకి తిప్పింది. అది చాలదనిపించింది. అద్దం పక్కనుంచి చూస్తే ఇసక అడుగున కాటుక రేఖలా నల్లటి చార. అది చూడగానే ఆమెకి చెరువు గుర్తొచ్చింది. నాన్న గుర్తొచ్చాడు. పాత గొడుగుచువ్వ ఒకటి తీసుకుని ఆ ఇసకను అడుగు దాకా కెలికింది.

బుడగలు వచ్చాయి. వాసన వచ్చింది. 'అమ్మయ్య, వదిలింది' అనుకుంది.

తరవాత చేపలు వచ్చాయి, పైకి.

తొట్టి అమర్చిన తాహిర్ ఏలూరు నుంచి ఆటోలో నీలం డ్రమ్ము వేసుకుని వచ్చేసరికి నాలుగు చేపలు వెల్లకిలా పడ్డాయి. తాహిర్‌కి పవర్‌పేటలో రంగుచేపల కొట్టు ఉంది. ఉప్పునీటి తొట్టి కట్టడం మాత్రం ఇదే మొదలు. గుమ్మంలో అడుగు పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయాడు. జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు.

"ఏం చేశావమ్మా?"

"గొలుసు లాగానండీ."

"గొలుసా? ఏ గొలుసు?" మెడలో గొలుసు తొట్టిలో పడిందనుకున్నాడు పాపం. "బంగారందా?"

ఫోను దగ్గర కూర్చునే లిడియా, చర్చి నుంచి ఇటే వచ్చిన పిల్ల, కిసుక్కుమంది. "దుర్గక్కకి బంగారం గొలుసే ఉంటే ఈ చేపల తల్లి ఉజ్జోగం ఎందుకండీ?"

"అది కాదండీ," అంది నాగదుర్గ. "మా చెరువుల్లో మేత పడీ పడీ అడుగు నల్లబడుద్ది కదండీ. గేసు పడుద్ది. చేప మేత మానేసుద్ది. అప్పుడు ఎండెక్కాక ఆ గట్టున ఒకళ్ళు ఈ గట్టున ఒకళ్ళు నిలబడి ఇనప గొలుసు అడుగున లాగుతారండీ. బుడబుడమని గేసంతా పైకొచ్చేసుద్ది. ఇదే వాసన. ఈ వాసనొస్తే మా నాన్న, 'రేపు మేత తింటాయిరా' అనేవాడు."

తాహిర్ రోగుల కుర్చీలో కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని మొహం.

"చెరువుకి ఆకాశం మూతమ్మా. గాలేస్తే పోద్ది. దీనికి?" వేలితో పైకి చూపించాడు. పైన అద్దం మూత. దాని పైన లైట్లు. ఆ పైన ఏసీ కోసం బిగించేసిన కిటికీలు. "ఆ గేసు ఎక్కడికి పోద్ది? ఆ నీళ్ళలోనే తిరిగింది. నువ్వు పంపు అక్కడే పెట్టి మరీ తిప్పావు. ఏ చేపకీ తక్కువ కాకుండా అందరికీ సమానంగా వడ్డించావు."

నాగదుర్గ తన చేతిలోకి చూసుకుంది. ఎడమచేతిలో గొడుగుచువ్వ ఇంకా అలాగే ఉంది. తెలియకుండానే పైటచాటుకి పోయింది ఆ చెయ్యి.

"ఏడుపులు తరవాత. ముందు బతికున్నవి తియ్యి."

ఇద్దరూ పనిలో పడ్డారు. తాహిర్ డ్రమ్ములోని మంచినీళ్ళంత తేటగా ఉన్న ఉప్పునీళ్ళు బకెట్లలోకి వంచాడు. నాగదుర్గ చువ్వను పైటచెంగులో చుట్టి బొడ్లో దోపి, చిన్న వల పట్టుకుంది. పిల్లలందరూ జోకరని పిలిచే ఎర్రచేప, తెల్ల పట్టీలది, పైడికి ప్రాణం. పొద్దునే లేచి దానికి 'గుడ్మానింగ్' చెప్పనిదే పాలు తాగదు. అది వలలోకి వచ్చింది గానీ బకెట్లో వేస్తే ఈదలేదు. పక్కకి ఒరిగి, మొప్పలు ఎగరేస్తూ ఉండిపోయింది. ఆ మొప్పలు ఎగరడం చూసి నాగదుర్గ మొహం తిప్పుకుంది. ఆ ఎగరడం ఆమెకి తెలుసు. ఆయాసంలో పైడి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం, మెడ గుంటలో చిన్న గొయ్యి పడడం, ఆమె కళ్ళు మూసుకున్నా చూడగలదు.

"నీళ్ళు ఆడాలంటే ఎలాగో నీకు చెప్పానా లేదా?" తాహిర్ రాళ్ళ మధ్య చేతులు పెట్టి వెతుకుతూనే సణుగుతున్నాడు. "నేరుగా పువ్వు మీదకి పంపు పెట్టకూడదు, తోలు ఊడిపోద్ది. ఒకటే దారిన కొట్టకూడదు, ఒకపక్కే బతుకుద్ది. రెండు పంపులు ఎదురూబొదురూ పెడితే నీళ్ళూ నీళ్ళూ కొట్టుకుని విరుగుతాయి. ఆ విరిగిన అల సందుసందుకీ పోద్ది. రెండో పంపు మద్రాసు నించి వస్తోంది, వచ్చేదాకా ఆగమన్నానా?"

"అన్నారండీ."

"మరి?"

"డాక్టరు గారు ఇయ్యాళే వస్తారు కదండీ."

తాహిర్ మళ్ళీ రాళ్ళ మధ్యకి వంగాడు. "ఆ పెద్ద రాయి పట్టుకో. దాని కింద నీలం చేప దూరింది" అన్నాడు.

నాగదుర్గ రెండు చేతులూ తొట్టిలోకి దించి రాయి వెనక వేళ్ళు పెట్టబోయింది. పెట్టడానికి చోటు లేదు. రాయి వెనక అద్దానికి అతుక్కుని ఉంది. పక్క రాయీ అంతే. దాని పక్కదీ అంతే. కొండలా పేర్చిన రాళ్ళన్నీ వెనక గోడకి జారబడి, సందుల్లో తెల్లటి సిమెంటులాంటిది పూసి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ముందునుంచి చూసి 'ఎంత ముచ్చటగా ఉందో కొండ' అనుకుందే గానీ, ఆ కొండ వెనక ఏముందని ఏనాడూ చెయ్యి పెట్టి చూడలేదు.

"తాహిర్ గారూ."

"ఊఁ."

"వెనక సందేదండీ?"

అతను ఇంకో రాయి తడుముతున్నాడు.

"వేలు కూడా పట్టట్లేదండీ. రాళ్ళ వెనక నించి నీళ్ళు ఎట్టా పోతాయి? ఇది తూము లేని గట్టండీ. ఈ పక్కన ఎన్ని పంపులు పెడితే మాత్రం ఏం లాభం?"

తాహిర్ చేతులు బయటికి తీసి లుంగీకి తుడుచుకోబోయి, తను ప్యాంటు వేసుకున్నట్టు గుర్తొచ్చి ఆగాడు. లిడియా కూర్చున్న వైపు ఒకసారి చూశాడు. ఆ పిల్ల ఫోనులో వాళ్ళ అక్కతో కబుర్లలో ఉంది.

"డాక్టరు గారు ఫొటో చూపించారమ్మా. కొండ అలాగే ఉండాలన్నారు. వెనక జానెడు వదిలితే ముందుకి చోటు చాలదు. కొండ చిన్నదైపోద్ది. సరే, పంపులతో సర్దుకుందాంలే అనుకున్నా. నాకు మాత్రం ఇదే మొదటి సముద్రం కదా?"

"అంటే మీకు ముందే తెలుసు."

"అనుమానం."

"ఆ మూల చచ్చుమూలని తెలిసే నన్ను రోజూ పాచి తియ్యమన్నారు."

"మెల్లగా అమ్మా."

"రోజూ తీశానండీ. పళ్ళు తోముకునే బ్రష్షుతో తీశాను. పైడి పక్కన కూర్చుని 'అమ్మా, రేపు మళ్ళీ వచ్చేసుద్దా' అంటే 'రాదమ్మా' అనేదాన్ని. నా చేతిలోనే ఏదో దోషం ఉందనుకున్నాను. మేత ఎక్కువ వేస్తున్నానేమోనని సగం మానేశాను. చేపల్ని పస్తులు పెట్టానండీ."

మేత మాట రాగానే తాహిర్ కళ్ళు పక్కకి తప్పుకున్నాయి. ఆడది ఎన్ని చదువులు చదవకపోయినా, మగాడి కళ్ళు పక్కకి తప్పుకోవడం మాత్రం చదవగలదు.

"ఏవండీ? డాక్టరు గారితో ఏవన్నా అన్నారా?"

"పాచి ఎందుకొస్తోందని అడిగారు. నేనేం చెప్పను? కొట్టు పేరు పోద్ది. ఏలూరంతా డాక్టర్లే, ఒకళ్ళకి చెడితే ఇంకెవరూ పిలవరు." గొంతు ఇంకా తగ్గించాడు. "మేత కొంచెం ఎక్కువ పడుతోందేమోనండీ అన్నా. కొంచెం అనే అన్నానమ్మా. ఎక్కువ అనలేదు."

నాగదుర్గ చేతులు తొట్టిలోంచి తీసింది. తిడదామనుకుంది. నోటికి వచ్చిన మాటలన్నీ కొల్లేటి మాటలు, ఈ టైల్సు నేల మీద అవి ఎలా పడతాయో తెలియక మింగేసింది. తిట్టి మాత్రం ఏం లాభం? అతను కట్టింది తూము లేని గట్టే. కానీ దాన్ని తవ్వి విషం బయటికి తీసింది తన చెయ్యే. తప్పు సగం సగం పంచుకోవచ్చు. గదిని మాత్రం సగం తియ్యరు కదా.

బకెట్లో జోకరు మొప్పలు ఎగరేయడం మానేసింది.

"ఒక పని చేద్దాం," తాహిర్ ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. "నీ మంచికీ నా మంచికీ. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయిందా?"

"పోయిందండీ. చాలాసేపు."

"చాలు. కరెంటు పోయి పంపులు ఆగినాయి, నీళ్ళు నిలిచిపోయి చేపలు పోయినాయి. అంతే. గొలుసూ లేదు, గట్టూ లేదు."

"మరి జనరేటరు ఉంది కదండీ?"

"అదే. జనరేటరు వెయ్యలేదనుకుంటారు."

జనరేటరు వేసేది కనకరాజు. వాచ్‌మనూ అతనే, మొక్కలకి నీళ్ళు పోసేదీ అతనే. పెద్దవాడు. ఆయాసంతో లేచిన పైడిని భుజాన వేసుకుని, ఓపీ చీటీ లేకపోయినా ఇంజక్షను గదిలోకి తీసుకెళ్ళి మిషను పెట్టేదీ అతనే. చీటీ లేకుండా మిషను ముట్టుకోకూడదని డాక్టరు గారి ఖండితమైన ఆజ్ఞ. "ముట్టుకునేది నేను గానీ పిల్ల కాదు కదమ్మాయ్" అని నవ్వేవాడు. నిన్న కరెంటు పోయినప్పుడు కూడా పైడికి కూతలు వస్తే అతనే పరుగెత్తుకొచ్చాడు.

"ఆయన్ని పంపించేస్తారండీ," అంది నాగదుర్గ.

"నాలుగు తిట్లు తిడతారు. పాతవాడు కదా, ఉంచుకుంటారు. నిన్నైతే ఉంచుకుంటారా?"

ఔననలేదు, కాదనలేదు. చెంగులో చుట్టిన గొడుగుచువ్వ పొట్టకి చల్లగా తగులుతూ ఉంది. ఔననకపోతే ఔనన్నట్టు కాదని తనకి తాను చెప్పుకుంది. కానీ చెప్పుకుంటున్న గొంతు తనకే నమ్మకంగా వినిపించలేదు.

"అక్కా, కారు!" అంది లిడియా, ఫోను ఠక్కున పెట్టేసి.

డాక్టరు ఎలీయాజరు గారు పెళ్ళి బట్టల్లోనే లోపలికి వచ్చారు. చొక్కాకి గుచ్చిన గులాబీ వాడిపోయి ఉంది. పెద్ద గొంతు మనిషి కాదు. కోపమొస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడతారు, అదే భయం. తొట్టి దగ్గరికి వచ్చి, మసకబారిన నీళ్ళని, కొండమీద ముడుచుకుపోయిన పువ్వుల్ని, బకెట్లలో తెల్లపొట్టలని చూశారు. అద్దం మీద అరచెయ్యి ఆనించారు. జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసే చెయ్యి అది.

"ఏమైంది తాహిర్?"

"నిన్న కరెంటు పోయిందంటండీ. పంపులు ఆగిపోయినాయి. ఉప్పునీళ్ళు కదండీ, నిలిస్తే విషమే."

"జనరేటరు?"

తాహిర్ భుజాలు ఎగరేశాడు. నాగదుర్గ తల ఎత్తలేదు.

"కనకరాజుని పిలవండి."

పిలవక్కర్లేకపోయింది. అతను గుమ్మంలోనే ఉన్నాడు, కారు డిక్కీలోంచి తీసిన మిఠాయి పెట్టె పట్టుకుని. ఎంతసేపట్నించి ఉన్నాడో. ముక్కు ఎగబీల్చి ఒకసారి వాసన చూశాడు. అతనిదీ కొల్లేటి పక్క ఊరేనని అప్పుడు గుర్తొచ్చింది నాగదుర్గకి. ఈ వాసన ఏమిటో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"నిన్న జనరేటరు వేశావా కనకరాజూ?"

"వేశానండీ."

తాహిర్ మొహంలో రంగు పోయింది.

"మరి తొట్టికి కరెంటు ఎందుకు రాలేదు?"

"హాలు లైను నేనే తీసేశానండీ," అన్నాడు కనకరాజు, వాన పడుతోందండీ అన్నంత మామూలుగా. "తప్పు నాదేనండీ. చేపలు పోయింది నా మూలానేనండీ."

నాగదుర్గ అప్పుడు తల ఎత్తింది. హాలు లైను తీసేశాడా? ఎందుకు? ఆ ముసలి జనరేటరు సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. బరువు రెండు వైపులా మొయ్యదు. ఇంజక్షను గదిలో మిషను వేస్తే హాల్లో పంపులు ఆపాలి. పంపులు వేస్తే మిషను ఆపాలి. నిన్న పైడి ఒళ్ళో పడుకుని, ముక్కుకి తొడిగిన ప్లాస్టిక్ గిన్నెలోంచి పొగమంచులాంటి మందు పీలుస్తూ, నెమ్మదిగా కూతలు తగ్గి నిద్రపోయింది. ఆ కరెంటు ఎక్కడినుంచి వచ్చిందని తల్లి ఒక్క క్షణం అడగలేదు. పిల్ల ఊపిరి తీసుకుంటుంటే ఏ తల్లి అడుగుతుంది?

నిన్న ఆ చచ్చుమూలలో నీళ్ళు ఇంకాస్త చచ్చింది తన పిల్ల కోసం.

"ఎందుకు తీశావు?" డాక్టరు గారు అడిగారు, ఇంకా నెమ్మదిగా.

కనకరాజు ఒక అడుగు లోపలికి వేశాడు. మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టాడు. దాని మూత సరిచేశాడు. ఎందుకో చెబితే చీటీ లేని మిషను బయటపడుతుంది. చెప్పకపోతే అతని పని పోతుంది. అతను పోతే ఇక ఏ కరెంటూ లేని మధ్యాహ్నం ఎవరు పరుగెత్తుకొస్తారు? తను నిజం చెబితే గది పోతుంది. ఎటునుంచి ఎటు తిప్పినా ఆ నీళ్ళు వచ్చి ఒక్క మూలలోనే నిలుస్తున్నాయి.

అప్పుడు వినిపించింది. వెనక గది తలుపు సందులోంచి, సన్నగా, తాడు మీద ఆరేసిన బట్టని గాలి లాగుతున్నట్టు. నిద్రలోంచి లేస్తున్న పిల్లికూత. ఈ ఇంగువ ముద్దలాంటి గాలిలో రాకుండా ఎలా ఉంటుంది?

డాక్టరు గారు అటు తిరిగారు. ఎంత కోపంలో ఉన్నా ఆ కూత ఆయన చెవికి తెలుసు. ఆయన చూపు ఆ తలుపు దాకా వెళ్ళి, అక్కడి నుంచి కనకరాజు దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి నాగదుర్గ దగ్గరికి వచ్చి ఆగింది.

నాగదుర్గ చెయ్యి బొడ్లో దోపిన చెంగు మీదకి పోయింది. ముడి విప్పింది. నల్లబురద అంటిన గొడుగుచువ్వ కొన పైటలోంచి కొంచెం బయటికి వచ్చింది.

"వద్దమ్మాయ్," అన్నాడు కనకరాజు.

డాక్టరు గారు అతని వైపు తిరిగారు.

"ఏది వద్దు?"